అవ్వ బిస్కెట్ డబ్బా

మాది కోలారు. ఇంట్లో రెండు భాషలు. నాన్న కన్నడ, అమ్మ తెలుగు. రాగిపిండితో వండేదాన్ని నాన్న ముద్దె అంటారు, మా అవ్వ సంగటి అంటుంది. ఉడికే గిన్నె మాత్రం ఒకటే.

అమ్మమ్మనే మేము అవ్వ అంటాం. ఆమెకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. పోయిన ఉగాదికి మేమంతా ఒబ్బట్లు తింటుంటే "నాకు ఆకలి లేదులే" అని లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి నేను నీళ్లకని లేస్తే, వంటింట్లో చీకట్లో నిలబడి బిస్కెట్ తింటోంది. నన్ను చూసి చెయ్యి కొంగు కింద దాచుకుంది. డెబ్బై రెండేళ్ల మనిషి నన్ను చూసి భయపడింది. నాకు నిద్ర పట్టలేదు.

అవ్వ కోసం రాగి బిస్కెట్లు చేద్దామనుకున్నా. రాగిపిండి, వెన్న, ముప్పావు కప్పు బెల్లం పొడి. మాకు ఓవెన్ లేదు. కుక్కర్‌కు గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి వేడి చేసి, స్టాండు మీద ప్లేటు పెట్టాను. బిస్కెట్లు కొంచెం పొడిపొడిగా వచ్చాయి కానీ రుచి బాగుంది. "అవ్వా, వీటిలో చక్కెర లేదు, ఎన్నైనా తిను" అన్నాను.

అవ్వ నమ్మింది. పక్కింటావిడకు కూడా "మా పాప నా కోసమే చేసింది" అని చెప్పుకుంటూ ఆరు తినింది. రెండు గంటల తర్వాత అమ్మ మీటర్‌లో చూస్తే 291.

అమ్మ నన్ను ఏమీ అనలేదు. అవ్వ మాత్రం "బిడ్డదేముంది, తప్పు నా నాలుకది" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు డాక్టరమ్మ చెప్పింది, బెల్లమూ చక్కెర లాంటిదే, ఒంట్లోకి పోయాక పెద్ద తేడా లేదని. రాగుల్లో పీచు, కాల్షియం బాగా ఉన్న మాట నిజమే. కానీ 100 గ్రాముల్లో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే. మంచి తిండికి కూడా లెక్క ఉండాలి.

ఈసారి తీపే వదిలేశాను. మన బేకరీల్లో ఖారా బిస్కెట్ దొరుకుతుంది కదా, ఆ దారి పట్టాను. రాగిపిండి ఒక కప్పు, గోధుమపిండి అర కప్పు, వేయించిన చెనిక్కాయ పప్పుల పొడి పావు కప్పు, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు, నాలుగు చెంచాల నూనె, తడికి సరిపడా పెరుగు. రాగికి జిగురు లేదు, అందుకే గోధుమపిండి కావాలి. పలచగా ఒత్తి, సన్నమంట మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు.

అవ్వ ఒకటి కొరికి "తీపి లేదే" అంది. నా ముఖం చూసి, కాసేపాగి, "మీరూ ఇదే తింటారా?" అని అడిగింది. అవునన్నాను. అప్పుడు రెండోది తీసుకుంది.

ఇప్పుడు సాయంత్రం కాఫీకి నలుగురం తలా రెండు తింటాం. మీటర్ రోజూ బాగుంటుందని చెప్పను. మాత్రలు, నడక, అన్నం కొలత అన్నీ ఉండనే ఉన్నాయి. కానీ అవ్వ రాత్రిపూట వంటింట్లోకి పోవడం లేదు. డబ్బా ఆమె దగ్గరే ఉంటుంది. మొన్న నాన్న మూడోదానికి చెయ్యి పెడితే, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మా అవ్వ, ఆయనకు బాగా అర్థం కావాలని కన్నడలోనే చెప్పింది: "ఎరడే!"