అడ్జస్టు

పరభాషలోని నామవాచకములు మన భాషలోనికి వచ్చుట వింత కాదు. వస్తువు వచ్చినప్పుడు దాని పేరును వెంట వచ్చును. రైలు వచ్చినది; రైలను మాటయు వచ్చినది. క్రియాపదములు వచ్చుట మాత్రము విచారింపదగినది. కూర్చుండుట, లేచుట, ఓర్చుట, ఇచ్చుట మొదలగు పనులు ఆంగ్లేయులు రాకపూర్వము మనకు లేనివి కావు గదా! అట్టిచో పరాయి క్రియ యొకటి మన నోట స్థిరపడినదనగా, మన క్రియలవలన లభింపని సౌకర్య మేదియో దానియం దుండవలయును. అట్టి మాట “అడ్జస్టు.”

ఈ మాటను వినగోరువారు అమీరుపేటకు రావలయును. మైత్రీవనము చుట్టుపట్లను, ఆదిత్య ఎన్‌క్లేవు వీధులలోను కంప్యూటరు విద్య నేర్పు సంస్థల బోర్డులు మేడలను కప్పివేసి యుండును. ఉభయ తెలుగు రాష్ట్రముల నుండియు యువకులు, యువతులు వచ్చి యిచ్చటి హాస్టళ్లలో దిగుదురు. 2017వ సంవత్సరము నవంబరులో మెట్రోరైలు మియాపురము నుండి అమీరుపేట మీదుగా నాగోలునకు నడువ నారంభించెను. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్బీనగరు వరకును మార్గము తెరచిరి. నాటి నుండి రెండు మార్గముల ప్రయాణికులును అమీరుపేటలో బండి మారుచున్నారు. ఇందరు జనులు ఇంత చోట మసలునప్పుడు భుజమునకు భుజము తగులకుండు టెట్లు? కనుక “కొంచెము అడ్జస్టు కండి” అనునది ఆ వీధులకు తారకమంత్రమైనది.

ఈ మాట పుట్టుపూర్వోత్తరములు వినదగినవి. ఇది ఫ్రెంచి మీదుగా ఆంగ్లమునకు వచ్చినది. దీని మూలము “దగ్గర” అను నర్థము గల “జుక్స్‌టా” యను లాటిను శబ్దము. తరువాతివారు దీనికి “న్యాయమైన” అను నర్థము గల “జుస్టుస్” శబ్దముతో చుట్టరికము కలిపిరి. దగ్గరకు చేర్చుట యొకటి, న్యాయముగా నమర్చుట యొకటి: ఈ రెండు భావములును ఆ మాటయందు కలిసి కాపురము చేయుచున్నవి. అమీరుపేటకు వచ్చునప్పటికి దగ్గరతనము మిగిలినది; న్యాయము దారిలో దిగిపోయినది!

వ్యాకరణమును గొంచెము చూతము. ఆంగ్లమున ఈ క్రియ తరచుగా సకర్మకము. కళ్లజోడును, గడియారమును, యంత్రపు మరను అడ్జస్టు చేయుదురు. అనగా తప్పిన దానిని తగిన స్థానమునకు తెత్తురు. మనము దానికి చేయు, అగు, కొను అను ధాతువులను తగిలించి మూడు రూపములు కల్పించితిమి. “అడ్వాన్సులో అడ్జస్టు చేసెదము” అని హాస్టలు యజమాని యనును. “అంతయు అడ్జస్టు అయినది” అని గుమాస్తా యనును. “అడ్జస్టు చేసికొనుడు” అని యెల్లరు ననుచున్నారు. ఈ మూడవదానియందు కర్మ యేది? దేనిని చేసికొనవలయును? మనలనే! వినువాడే కర్త, వినువాడే కర్మ. పలికినవాడు వాక్యమున నెచ్చటను లేడు. చూచితిరా యీ మాటలోని సౌకర్యము!

తెలుగు క్రియలకీ నేర్పు లేదు. “జరుగుడు” అన్నచో జానెడు చోటు కావలెనని తెలియును. “ఓర్చుకొనుడు” అన్నచో బాధ కలదని పలికినవాడే యొప్పుకొనవలసి వచ్చును. “లోబడుడు” అన్నచో ఎవరికి అను ప్రశ్న వెంటనే పుట్టును. జరుగుట, ఒదుగుట, ఓర్చుట, తగ్గుట, లోబడుట వేర్వేరు పనులు. ఈ యన్నిటికిని ఒకే ముసుగు వేసినచో, తన్ను ఏ పని చేయుమనుచున్నారో వినువానికి తెలియకుండ పోవును.

మా బంధువుల బాలిక యొకతె పంజాగుట్ట సమీపమున నొక హాస్టలులో నుండి చదువుకొనుచుండెను. ముగ్గురి కని యొప్పుకొన్న గదిలో నాలుగవ మంచము వేసిరి. “నెల దినములే, అడ్జస్టు చేసికొనుడు” అని యజమాని సెలవిచ్చెను. మూడు నెలలైనను మంచము కదలలేదు. బాలిక వెళ్లి, “అయ్యా, అద్దెను గూడ అడ్జస్టు చేయుదురా?” అని యడిగెను. అంతవరకు ఆంగ్లము పలికిన యజమాని “అది కుదరదమ్మా!” అని స్వచ్ఛమైన తెలుగున బదులిచ్చెను.

అమీరుపేటలో మంచము దగ్గర నేర్చిన యీ మాటయే ఆ బాలికల వెంట అత్తవారింటికిని పోవుచున్నది. వరకట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. గృహహింస నుండి స్త్రీలను రక్షించు 2005వ సంవత్సరపు చట్టము దేహబాధతో పాటు మాటలతో, మనస్సు నొప్పించుటతో, ధనమును నిరోధించుటతో కలుగు బాధలను గూడ హింసలుగనే పేర్కొన్నది. కాపురమున్న యింట నివసించు హక్కును స్త్రీకి గుర్తించినది. చట్టము బాధ కొక పేరు పెట్టినది. తండ్రియో, పెద్దమనుష్యులో వచ్చి “అడ్జస్టు కావలెనమ్మా” అని ఆ పేరును తుడిచివేయుచున్నారు. ఫిర్యాదు చేయుటకు వచ్చిన పిల్ల తన బాధకు మాట దొరకక తిరిగి పోవుచున్నది.

సర్దుకొనుట దుర్గుణమని మేమనుట లేదు. పంజాగుట్టలో నిమ్సు ఆసుపత్రికి రోగుల వెంట వచ్చిన ముక్కు మొగము తెలియనివారు ఒకే బల్లపై ఒదిగి కూర్చుండుట మేము చూచితిమి. అది నాగరకత. అచ్చట అడిగినవాడును ఒదుగుచున్నాడు, ఇచ్చినవాడును ఒదుగుచున్నాడు. పని తీరగానే ఇరువురును లేచి పోవుచున్నారు. హాస్టలు గదిలో నట్లు కాదు. అడిగినవానికి లాభము, వినినవారికి ఇరుకు. అత్తవారింట నట్లును కాదు. ఆ ప్రయాణమునకు దిగు స్టేషను లేదు.

కావున చదువరులారా! ఈ మాటను బహిష్కరింపు డని మేము కోరము. వాడుకలో స్థిరపడిన మాటను వెడలగొట్టుట యెవరి తరము? ఎవరైన దానిని పలికినప్పుడు మూడు ప్రశ్నలు మాత్రము వేయుడు. దేనిని సర్దవలయును? ఎంతకాలము? మీ రెంత సర్దుకొందురు? మూడవదానికి బదులు వచ్చినచో సంతోషముగా జరిగి చోటిండు. రానిచో కదలక కూర్చుండుడు. మన యాడపిల్లలకు కంప్యూటరు విద్యతో పాటు ఈ మూడు ప్రశ్నలును నేర్పి పంపుద మని మా మనవి.