ఏరు మళ్ళిన చోట

స్పెయిన్‌లోని వాలెన్సియాను 1957లో వరద ముంచెత్తాక తురియా నదిని ఊరి దక్షిణానికి మళ్ళించారు. పాత ఏటి దారి తోటలైంది. దాని చివర్లోనే కళావిజ్ఞాన నగరి అనే భవనాల సముదాయం. వాటిలో 1998లో ముందుగా తెరిచిన హెమిస్ఫెరిక్ భవనం సగం కన్ను. మిగతా సగం ముందున్న నీళ్ళలో నీడ. గాలి వీచినప్పుడల్లా ఆ కన్ను చెదిరిపోతుంది.

ఇక్కడి గోడలకు పగిలిన తెల్ల పింగాణీ పెంకులు. ఒపేరా భవనం మీదివి 2013లో గాలికి ఊడిపడ్డాయి. వాస్తుశిల్పి కలత్రావా సొంతూరివాడే, అయినా తిట్లు తప్పలేదు. ఖర్చు కూడా తక్కువా!

నాకు నచ్చింది సైన్సు మ్యూజియం. అక్కడ ముట్టుకోకపోవడమే నిషేధమట. ‘చేతులు పెట్టరాదు’ బోర్డుల మధ్య పెరిగిన నాకు చెయ్యి సాగలేదు. పక్కనున్న పిల్లలు అప్పటికే నాలుగు మీటలు నొక్కేశారు.