అది బొల్లి కాదు
మా అమ్మాయికి చెవి కుట్టించిన చోట లేచిన కీలాయిడ్ గడ్డకు వైద్యుని సలహాపై నాలుగు వారాలకొకసారి ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు ఇప్పించాము. గడ్డ అణగింది. కాని దాని చుట్టూ చర్మం తెల్లబారి, పలుచబడి, కొద్దిగా గుంటపడింది. బంధువులు దానిని బొల్లి అన్నారు, పెళ్లి సంబంధాల మాట ఎత్తారు. అమ్మాయి దుపట్టాతో చెవిని ఇంట్లో కూడా కప్పుకోసాగింది.

అది బొల్లి కాదు. ఈ స్టెరాయిడ్ గడ్డలో పేరుకున్న కొల్లాజెన్‌ను తగ్గిస్తుంది. మందు పక్కకు పాకితే మంచి చర్మం కూడా పలుచబడుతుంది, రంగునిచ్చే కణాలు మందగిస్తాయి. సన్నని ఎర్రని రక్తనాళాలు పైకి కనిపించవచ్చు. చామనచాయ చర్మంపై తెలుపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని నెలలకు రంగు తిరిగి వస్తుంది, కొందరిలో మచ్చ మిగిలిపోవచ్చు. అందుకే ఇటువంటి మార్పును తరువాతి ఇంజెక్షన్‌కు ముందే వైద్యునికి చూపాలి. మోతాదు, వ్యవధి ఆయనే సవరిస్తారు. చర్మాన్ని చూసి ఆడపిల్లకు విలువ కట్టే మాటను మాత్రం మన ఇళ్లలో మనమే ఆపాలి.