ఈగల మీద డబ్బులు దండగా?

మా చండ్రుగొండ వైపు పండుఈగ అంటే మామిడికాయని పుచ్చబెట్టేది. నేను చెప్పేది అది కాదు, మాగిన అరటిపళ్ళ మీద ముసిరే బుల్లి ఈగ, డ్రోసోఫిలా. "ఈగల పరిశోధనకి సర్కారు డబ్బా?" అని నవ్వే మిత్రుల కోసం ఈ నాలుగు ముక్కలు.

పెద్ద ప్రోగ్రాంలో బగ్ దొరక్కపోతే, అదే బగ్ కనబడే చిన్న ప్రోగ్రాం రాసి చూస్తాం కదా! ఈగ అలాంటిదే. గుడ్డు నుంచి ఈగ అవ్వడానికి పది రోజులు చాలు. మన జబ్బులకి సంబంధించిన జన్యువుల్లో దాదాపు 75 శాతానికి దాంట్లో జోడీ ఉంది. దాని పురుగు దశలో నరం కండరాన్ని తాకే చోట, అంటే సినాప్సు దగ్గర, ఎన్ని మొగ్గలు తొడిగాయో మైక్రోస్కోపులో లెక్కపెట్టొచ్చు.

వేడికి చచ్చుబడి, చల్లబడితే లేచే ఈగల నరాల్లో సంకేతాలెలా దెబ్బతింటాయో 1976లో మన ఒబైద్ సిద్దిఖీ, సీమోర్ బెంజర్ కొలిచి చూపించారు. ఫ్రాజైల్ ఎక్స్ అనే పుట్టు బుద్ధిమాంద్యానికి మూలమైన జన్యువు లేని ఈగల్లో సినాప్సులు అతిగా పెరుగుతాయని 2001లో తేలింది. 2005లో ఒక మందు అలాంటి ఈగల జ్ఞాపకశక్తిని బాగుచేసింది. ఆ కోవ మందులు మనుషుల పరీక్షల్లో మాత్రం నెగ్గలేదు.

అయితే దండగేనా? టెస్టింగులో పాసైంది ప్రొడక్షన్లో కూలిందని టెస్టింగే మానేస్తామా? అలాంటి బిడ్డనెత్తుకుని ఖమ్మం, హైదరాబాదు ఆస్పత్రుల చుట్టూ తిరిగే అమ్మానాన్నలకి, తేడా ఎక్కడొచ్చిందో తెలియడమే మొదటి మెట్టు. మీరేమంటారు?