కొళత్తూరులో చేపల మేత

మా మనవరాలి గాజుతొట్టిలో నాలుగు బంగారు చేపలుండేవి. నెల తిరక్కుండా మూడు పోయాయి. నాలుగోది ఒళ్ళు ఉబ్బి, ఓ పక్కకు ఒరిగి నీటిమీద తేలుతూంది. "నువ్వే ఏదో పడేసి ఉంటావు" అని పిల్లను కసిరాను. "నేనేం వెయ్యలేదు తాతయ్యా!" అని అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచి మేతేదో కొనుక్కొద్దామని ఆ ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని కొళత్తూరు బయలుదేరాను.

చెన్నై సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్సులో లోకల్ రైలెక్కాం. పాత మూర్ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది. ఆ స్థలంలో లేచిన స్టేషనుకు ఆ పేరైనా మిగిలింది. విల్లివాక్కంలో దిగి ఆటో ఎక్కితే కొళత్తూరు ఎంతో దూరం లేదు.

అక్కడ వీధికి వీధే చేపల బజారు! నీళ్ళూ గాలీ నింపిన ప్లాస్టిక్ సంచులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. మగ ఫైటర్ చేపలు ఒకచోట ఉంటే కొట్టుకు చస్తాయి గనక, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సీసా. పెరళ్ళలోనూ, మేడలమీదా సిమెంటు తొట్లు కట్టి చేపల్ని పెంచే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో.

ఒక దుకాణంలో నడివయసు ఇల్లాలు కూర్చుని ఉంది. పళ్ళెంలో ఎర్రటి దారపు ఉండల్లాంటివి కదులుతున్నాయి. అవి పురుగులట. "ఇవి ఇవ్వమ్మా" అన్నాను నాకొచ్చిన తమిళంలో. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇవి మురుగు కాలవల్లో దొరికేవి సార్. ఎంత కడిగినా రోగాలు తేవచ్చు. జబ్బు చేపకు వద్దు."

తన సరుకు తానే వద్దనే వర్తకురాలిని చూడడం నాకదే మొదలు!

"మేత కొనేముందు చేప నోరు చూడాలి" అని ఆమె పాఠం మొదలెట్టింది. ఫైటరుకూ గప్పీకీ నోరు పైకి తిరిగి ఉంటుంది. అవి పైన తేలే మేత అందుకుంటాయి. అడుగున తిరిగే క్యాట్‌ఫిష్‌కు నోరు కిందికి ఉంటుంది. దానికి మునిగే గుళికలు వెయ్యాలి. ఫైటరు మాంసాహారి. బంగారు చేప ఆకూ తింటుంది, పురుగూ తింటుంది. కాని దానికి జీర్ణాశయమే లేదు! తిన్నది తిన్నట్టు పేగులోకే పోతుంది. తేలే మేతకోసం ఎగబడితే గాలి కూడా మింగుతుంది.

"రోజుకెన్నిసార్లు వేస్తారు?"

"పొద్దున ఒక్క చిటికెడు" అంది మనవరాలు.

నేను నేల చూపులు చూశాను. పొద్దున కాఫీతో బిస్కెట్టు పొడి, మధ్యాహ్నం నాలుగు మెతుకులు, రాత్రి పడుకోబోయే ముందు చెంచాడు మేత వేస్తున్నది నేనే. "అద్దం దగ్గరకొచ్చి నోరు తెరుస్తాయమ్మా, పాపం ఆకలని..."

"చేప ఎప్పుడూ నోరు తెరుస్తూనే ఉంటుంది సార్. అది ఆకలి కాదు, ఊపిరి" అందామె.

తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా పుడుతుందట. కంటికి కనిపించని విషం! రెండు నిమిషాల్లో ఎంత తింటే అంతే వెయ్యాలిట. పెద్ద డబ్బా చవక గదా అంటే, మూత తీశాక విటమిన్లు తగ్గిపోతాయని చిన్నదే ఇచ్చింది.

తిరుగు రైల్లో, "తప్పు నాదేనే తల్లీ" అన్నాను. అది కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. పేరంబూరు దాటాక నా చెయ్యి పట్టుకుంది.

ఆమె చెప్పినట్టే చేపను రెండు రోజులు పస్తుంచాం. రోజూ పావు వంతు నీళ్ళు మార్చాం. మూడోనాడు ఉడికించి తోలు తీసిన పచ్చి బఠాణీ నలిపి వేశాం. అయిదోనాటికి అది తిన్నగా ఈదింది!

మేత డబ్బా ఇప్పుడు మనవరాలి అలమారలో ఉంది. నేను తొట్టి దగ్గర నిలబడితే చాలు, లోపలినుంచి కేక వినిపిస్తుంది: "తాతయ్యా, అది ఊపిరి!"