ఎడమ పాదానికి పని లేని బండి

నానార్థ పదాలు నాకు కొత్త కావు. ‘హరి’ అనే ఒక్క మాటకు విష్ణువు, సింహము, కోతి, గుర్రము అని అర్థాలు చెప్పి, పిల్లల చేత ముప్పై ఏళ్లకు పైగా వల్లె వేయించినవాణ్ణి. అయినా పాత కార్ల అంగడిలో ‘ఆటోమేటిక్’ అనే మాటకు ఉన్నంత నానార్థత ఏ నిఘంటువులోనూ కనబడలేదు. అమ్మేవాడు ఒక అర్థంలో అంటాడు, కొనేవాడు మరొక అర్థంలో వింటాడు, బాగుచేసేవాడు మూడవ అర్థంలో తల పట్టుకుంటాడు.

ఈ మాట వెనక పడవలసిన అవసరం మా పెద్దమ్మాయి వల్ల కలిగింది. ఆమె ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. పసితనాన వచ్చిన పోలియో వల్ల ఎడమ కాలిలో సత్తువ లేదు. తొడ నుంచి పాదం దాకా క్యాలిపరు ధరిస్తుంది. 2024 వరకు ముధోల్ మండలంలోని బడికి, వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటరు మీద హాయిగా పోయి వచ్చేది. ఆ యేడు జరిగిన పదోన్నతులలో స్కూల్ అసిస్టెంటయింది. పదోన్నతితో పాటు దూరమూ వచ్చింది. కొత్త బడి దిలావర్‌పూర్ పరిసరాలలో. బాసర నుంచి భైంసా, అక్కడినుంచి నిర్మల్ పోయే రహదారి మీద నర్సాపూర్ దాటి పోవాలి. ఒకవైపు సుమారు 60 కిలోమీటర్లు, రానూపోనూ 120.

బస్సులో పోరాదా అని అడిగినవారున్నారు. భైంసాలో బస్సు మారాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం చేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కూలికి పోయే తల్లులు, కాలేజీకి పోయే పిల్లలు బస్సెక్కుతున్నారంటే అంతకంటె ఏం కావాలి? కాని టిక్కెట్టు అక్కరలేకపోవడం వేరు, సీటు దొరకడం వేరు. క్యాలిపరు వేసుకున్న మనిషికి బస్సు మొదటి మెట్టే ఒక గుట్ట. నిర్మల్‌లో ఇల్లు అద్దెకు తీసుకుందామంటే అల్లుడి ఉద్యోగం, మనుమడి చదువు బాసరలో. డ్రైవరును పెడదామని నేనే అన్నాను. దానికి ఆమె ఒక్కటే ప్రశ్న వేసింది: “డ్రైవర్ రాని దినం నేను సెలవు పెట్టాల్నా, బాపూ?”

సమాధానం చెప్పలేదు. అందుకే కారు వెతకడం మొదలయింది. చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. కొత్త ఆటోమేటిక్ ఆ ధరకు రాదు. మామూలు కారుకు చేతితో నొక్కే క్లచ్ పరికరం అమర్చే పద్ధతి ఒకటి ఉన్నది. దానికి రిజిస్ట్రేషను పత్రంలో మార్పు చేయించుకోవాలి. పైగా ఒక చేయి స్టీరింగు మీద, మరొక చేయి గేరు మీద ఉండగా క్లచ్ నొక్కేది ఏ చేతితో అన్న సందేహం ఆమెకు తీరలేదు. కుడికాలు గట్టిది. ఒక్క కుడికాలితో నడిచే బండి ఉండగా మూడో చేయి మొలిపించుకోవడం ఎందుకన్నది.

ఇక ఆ నానార్థాల సంగతి. నాకు యంత్రశాస్త్రం రాదు. కాని నిజామాబాదులో ఒక వృద్ధ మెకానిక్కు ఎదుట రెండు సాయంత్రాలు విద్యార్థిలా కూర్చున్నాను. ఆయన చెప్పినదాన్ని నా భాషలోకి మార్చుకుంటే ఇలా తేలింది. గేరు మారడం ఒక సంధి. పూర్వపదం పోయి పరపదం రావాలి, నడుమ అర్థం తెగరాదు.

టార్క్ కన్వర్టర్ అనే పాత పద్ధతిలో ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ నూనె ఉంటుంది. ఇంజను తిప్పిన నూనె చక్రాల వైపు ఉన్న పంకాను తిప్పుతుంది. సంధి జరిగినట్టే తెలియదు. ఐ10, బ్రియో, 2008 నుంచి 2013 దాకా వచ్చిన హోండా సిటీ ఈ జాతివి. సీవీటీలో రెండు కప్పీల మీద ఒక లోహపు పట్టీ సాగుతూ ఉంటుంది. అక్కడ సంధే లేదు, ఒకే పదం దీర్ఘంగా పలుకుతుంది. 2014 నుంచి వచ్చిన సిటీ ఈ జాతిది. విచిత్రమేమంటే, గేర్లే లేని ఈ పెట్టెలో కొందరు తయారీదారులు కృత్రిమంగా గేర్ల మెట్లు కల్పిస్తారు. సంధి లేని చోట యడాగమం చేసినట్టన్నమాట! రెండు క్లచ్‌ల పెట్టె మరొకటి ఉన్నది, దాని ధర మా సంచికి అందదు కనుక ఆ ప్రకరణం వదిలేశాను.

చివరిది ఏఎంటీ. మన దేశంలో 2014లో సెలేరియోతో వచ్చింది. మారుతీవారు దానికి ఏజీఎస్ అని పేరు పెట్టుకున్నారు. దాని గురించి ఆ మెకానిక్కు చెప్పిన వాక్యం నాకు సూత్రప్రాయంగా గుర్తున్నది: “సార్, గిండ్ల ఉన్న గేర్‌బాక్స్ మామూలుదే. క్లచ్ తొక్కేటి పని, గేరు మార్చేటి పని మిషన్ చేస్తది, గంతే.” అంటే సంధి జరిగే చోట పదం క్షణకాలం విరుగుతుంది. బండి చిన్నగా ఊగుతుంది. సుకుమారులు దీన్ని ఈసడించుకుంటారు. కాని క్లచ్ పలక అరిగిపోతే భైంసాలోనే మార్చగలరు. సీవీటీ పట్టీ పాడయితే హైదరాబాదు పోవాలి, ఆ ఖర్చు పాత కారు ధరలో పెద్ద భాగం.

నగర రద్దీలో వందసార్లు గేరు మారే చోట ఆ ఊపు చిరాకు పెడుతుందేమో గాని, మా దారి అటువంటిది కాదు. ముధోల్, భైంసా దాటితే రెండు పక్కలా నల్లరేగడి, పత్తి, సోయా. ఒకసారి పై గేరులో పడితే ఊరు వచ్చేదాకా మారవలసిన పని ఉండదు. ఐ10 ఆటోమేటిక్‌లో నాలుగే గేర్లు. మేము చూసిన రెండు బండ్ల యజమానులూ లీటరుకు 13 కిలోమీటర్లు వస్తుందన్నారు. ఏఎంటీ బండికి 17 వస్తుందని విన్నాము. 120 కిలోమీటర్లకు మొదటిది 9 లీటర్లకు పైగా తాగితే రెండవది 7 తాగుతుంది. లీటరు వంద రూపాయలు దాటిన కాలంలో రోజుకు రెండు వందలకు పైగా తేడా, నెలకు ఐదు వేలకు దగ్గర. ఈ లెక్క నా బిడ్డ వేసినది, నేను తెలుగువాణ్ణి.

ఆ రోజులలో అమ్మవారి గుడికి పోయినప్పుడల్లా వాహనాలు నిలిపే చోట ఒక చుట్టు తిరిగేవాణ్ణి. అక్షరాభ్యాసాలకు హైదరాబాదు నుంచి, నాందేడు నుంచి వచ్చిన కార్ల అద్దాలలోంచి తొంగి చూసి, పాదాల దగ్గర రెండు పెడళ్లా మూడా అని లెక్కపెట్టడం నాకు అలవాటయింది. ఒకాయన నన్ను దొంగ అనుకున్నాడు. సంగతి విన్న తరువాత ఆయనే తలుపు తీసి కూర్చోబెట్టి తన కారు గుణదోషాలు అరగంట వర్ణించాడు. కారున్నవారు తమ కారును గురించి చెప్పేటప్పుడు అతిశయోక్తి సహజాలంకారం.

అసలు నిర్ణయం మాత్రం గేరుపెట్టె వల్ల కాలేదు. సీటు ఎత్తు వల్ల అయింది. ఇది ఏ మెకానిక్కూ చెప్పలేదు, ఏ అమ్మకందారుకూ తోచలేదు. హైదరాబాదులో ఒక సిటీ కారు చూశాము. అందమైన బండి, తక్కువ తిరిగినది. మా అమ్మాయి అందులో కూర్చున్నది గాని లేవలేకపోయింది. సీటు నేలకు అంత దగ్గర. మన దేశంలో స్టీరింగు కుడివైపు కనుక, డ్రైవరు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకునేటప్పుడు మొదట పోవలసినది ఎడమ కాలే. క్యాలిపరు మోకాలి దగ్గర ఒక తాళం ఉంటుంది. నిలబడ్డప్పుడు అది పడి కాలు కర్రలా నిటారుగా నిలుస్తుంది. కూర్చున్న తరువాత తాళం తీస్తే కాలు మడుస్తుంది. తాళం తీసే లోపల ఆ నిటారు కాలికి తలుపు సందులో చోటు ఉండాలి, స్టీరింగు కింద చోటు ఉండాలి. సీటు వెనక్కి జరిపితే ఎడమ కాలికి చోటు దొరుకుతుంది గాని కుడికాలికి బ్రేకు అందదు. ఈ రెంటి నడుమ ఒక అంగుళమో రెండంగుళాలో మాత్రమే ఆమెది. బ్రియోలోనూ ఇదే ఇబ్బంది.

తరువాత చూసినది వ్యాగన్ ఆర్. బోషాణం వంటి నిలువెత్తు ఆకారం చూసి నేను ముఖం చిట్లించిన మాట నిజం. ఆమె సీటు దగ్గరికి పోయి, వంగకుండా, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నది. కాలు లోపలికి తిప్పుకుని, తాళం తీసి, “అయిపోయింది బాపూ” అన్నది. అంతకు ముందు చూసిన ఆరు బండ్లలో ఆ మాట అనలేదు.

వ్యాగన్ ఆర్‌లో ఏఎంటీ 2015లో వచ్చింది. మాకు దొరికినది 2016 బండి, 48,000 కిలోమీటర్లు తిరిగినది. సొంత వాడకపు వాహనానికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు కనుక 2031 దాకా బెంగ లేదు. ఆ పైన ఐదేళ్లకొకసారి పునరుద్ధరణ. దాని రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. మరీ పాత బండి చౌకగా వస్తున్నదని మురిసేవారు ఈ అంకె కూడా కలుపుకోవాలి. ఎయిర్‌బ్యాగు సంగతి మరొకటి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందరి చాలా బండ్లలో అది డబ్బు పెట్టి అడిగి తీసుకున్నవారికే. ఎయిర్‌బ్యాగు లేని రెండు బండ్లను, ఎంత తగ్గించినా, గుమ్మంలోనే వదిలి వచ్చాము.

నీట మునిగిన బండి భయం వేరే. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2021 జూలైలో మా నిర్మల్, భైంసాలకూ వరద వచ్చింది. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు, కొన్ని తళతళలాడుతూ అంగడికి వచ్చాయి. ఏఎంటీకి తల కాయ అంతా విద్యుత్ పరికరాలు కనుక నీటి బండి దానికి మృత్యువే. మెకానిక్కు చెప్పినట్టు సీటు బెల్టులను చివరంటా లాగి చూశాము, బురద చార బెల్టు చివర దాగుతుందట. కాలి కింద తివాచీ ఎత్తి, సీటు పట్టాల తుప్పు చూశాము. తరువాత గంటసేపు నడిపించి, వేడెక్కిన బండిని ఎత్తు మీద నిలిపి కదిలించాము. క్లచ్ కాలిన వాసన రాలేదు. బేరం మూడు లక్షల ముప్పై వేలకు తెగింది. 29, 30 నమూనాల మీద సంతకాలయ్యాయి. బీమాను కూడా మన పేరిటికి వెంటనే మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న క్లెయిము లేని రాయితీ ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

లైసెన్సుకు వైద్య ధ్రువపత్రం, పరీక్ష, కొన్ని తిరుగుళ్లు తప్పలేదు. ఆమె ఓపికగా తిరిగింది. మెకానిక్కు సలహా మీద ఎడమ పాదం ఆనించుకోవడానికి ఒక రబ్బరు దిమ్మ బిగించాము. కాలు తెలియకుండా జారి బ్రేకు పెడలు కిందికి పోకుండా అదే కాపలా.

పెట్రోలు విషయంలో ఒక చిత్రం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాలు కలిసినది. 2023 ఏప్రిల్‌కు ముందరి బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాలులో శక్తి పెట్రోలు కంటె తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలను సర్వీసుకొకసారి చూపించుకోవాలి. ఆ ఇథనాలు తయారుచేసే పరిశ్రమ మా ఊళ్ల దగ్గర వద్దని 2024 నవంబరులో దిలావర్‌పూర్ ప్రజలు బైఠాయించినది సరిగ్గా ఈ బండి రోజూ పోయే రహదారి మీదనే. ఆ రోజులలో ఆమె బడికి ఎట్లా చేరిందో, ఎన్ని పల్లెదారులు చుట్టిందో అదొక యాత్రాచరిత్ర. ఊరివాళ్లను ఒక్క మాట అనలేదు. వాళ్ల పిల్లలే గదా ఆమె తరగతిలో ఉన్నది.

చలికాలం పొద్దున పొగమంచులో బయలుదేరినప్పుడు మాత్రం ఆమె తల్లి, ఫోను వచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడి ఉంటుంది. ఎనిమిది ముప్పావుకు ఫోను మోగుతుంది. “చేరిన” అంటుంది, పెట్టేస్తుంది.

మొన్న ఒక ఆదివారం అల్లుడు ఈ బండిని భైంసా దాకా తీసుకుపోతానన్నాడు. ఇరవై ఏళ్లుగా మూడు పెడళ్ల బండ్లు నడిపినవాడు. వీధి మలుపు దగ్గర అలవాటు కొద్దీ అతని ఎడమ కాలు క్లచ్‌ను వెతుక్కుంటూ పోయి బ్రేకు మీద బలంగా పడింది. వెనక కూర్చున్న నా కళ్లజోడు ఎగిరి ముందు సీటులో పడింది. పక్కన కూర్చున్న మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక అన్నది: “మీ ఎడమ కాలును గూడ జరసేపు నా కాలు లెక్కనే ఉంచుండ్రి.”