ఆటోనగర్‌లో గాలిని కొలిచిన పూట

కారుకు బయటి ఎయిర్ ఫిల్టర్ వేయిస్తే పికప్ పెరుగుతుందా అని విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే, అమ్మేవాళ్ళు పెరుగుతుందంటారు. బిగించేవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు సంగతేమిటో కనుక్కుందామని, లారీ బాడీలు కట్టే వీధి దాటి లోపలి రోడ్డులో ఉన్న ఒక షెడ్డుకు వెళ్ళాను. మేస్త్రీగారికి అరవై దాటాయి. అంబాసిడర్ల కాలంలో పానా పట్టిన మనిషి. కొడుకు స్కానర్ తగిలించి ఇంజన్ కంప్యూటర్ ఈసీయూను చూస్తాడు, తండ్రి చెవితో విని చెప్తాడు. ఇద్దరికీ పడదు గానీ రోగం మాత్రం కలిసే పట్టుకుంటారు.

షెడ్డులో 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి బోనెట్ ఎత్తి ఉంది. బీటెక్ కుర్రాడిది. వెనక సీట్లో రెండు పెట్టెలు. ఒకదాంట్లో కంపెనీ ఫిల్టర్ తీసేసి అదే చోట కూర్చోబెట్టే కాటన్ ఫిల్టర్. ఇంకోదాంట్లో కంపెనీ డబ్బా మొత్తం పీకేసి పెట్టే కోన్ ఫిల్టరూ, తళతళలాడే అల్యూమినియం పైపూ. నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ అంటే కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకు ముందు గుర్తొచ్చేది కె అండ్ ఎన్, 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మొదలైన కంపెనీ. మేస్త్రీగారికి మాత్రం పాత ట్రాక్టర్లు గుర్తొచ్చాయి. వాటి ఎయిర్ క్లీనర్ అడుగున గిన్నెలో ఆయిల్ పోసేవాళ్ళు, గాలిలోని దుమ్ము అందులో చిక్కుకునేది. "నూనెతో దుమ్ము పట్టడం మనకేం కొత్త కాదండీ" అన్నారు.

"వాదన దేనికి, కొలిచేద్దాం" అని లోపలికెళ్ళి ఆయన పట్టుకొచ్చింది తాపీపని వాళ్ళు వాడే లెవెల్ పైపు. అందులో ఎర్రసిరా కలిపిన నీళ్ళు. ఫిల్టర్ దాటాక వచ్చే గొట్టానికి ఒక కొస తగిలించి, రెండో కొస గాలికి వదిలేసి, మధ్య భాగాన్ని కిందికి వేలాడదీశారు. ఇంజన్ పీల్చేటప్పుడు ఫిల్టర్ ఎంత అడ్డుపడితే ఆ వైపు నీళ్ళు అంత పైకి లేస్తాయి. రెండు వైపుల నీటికీ పది సెంటీమీటర్ల తేడా వస్తే గాలి పీడనంలో దాదాపు ఒక శాతం పోయినట్టు. ఇంజన్ బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది.

ఈ ఇంజన్ నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి 1.2 లీటర్ల చొప్పున నిమిషానికి 3,600 లీటర్ల గాలి కావాలి. అంటే ప్రతి సెకనుకూ మూడు మంచినీళ్ళ క్యాన్లంత. ఇంత గాలి కాగితం మడతల్లోంచి పోవాలంటే అడ్డు గట్టిగానే ఉంటుందనుకున్నాను. ఖాళీ సర్వీసు రోడ్డు మీద రెండో గేరులో కొడుకు యాక్సిలేటర్ పూర్తిగా తొక్కాడు. పక్క సీట్లో పైపు పట్టుకున్నది నేనే. కొత్త కంపెనీ ఫిల్టర్‌తో నీళ్ళ తేడా నా అరచేతి వెడల్పు కూడా రాలేదు. కాటన్ ఫిల్టర్‌తో ఇంకో వేలెడు తగ్గింది. చివరికి ఫిల్టర్ అసలే లేకుండా తొక్కి చూశాం. కాస్త తగ్గింది, అంతే. మిగిలింది ముందున్న గొట్టం తాలూకు అడ్డు. ఎంత ఖరీదైన ఫిల్టరైనా ఫిల్టర్ లేకపోవడం కన్నా ఎక్కువ గాలి ఇవ్వలేదు కదా!

అంతకన్నా హైదరాబాద్ నుంచి విజయవాడ దిగి రావడం నయం. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో గాలి పీడనం ఇక్కడికంటే ఐదారు శాతం తక్కువ. టర్బో లేని ప్రతి కారుకూ ఆ మేరకు గాలి తగ్గుతుంది. అయినా సూర్యాపేట దాటాక కారు హుషారెక్కిందని నాకెన్నడూ అనిపించలేదు. ఐదు శాతమే తెలియని ఒంటికి ఫిల్టర్ ఇచ్చే అర శాతం ఏం తెలుస్తుంది?

తర్వాత కోన్ ఫిల్టర్ బిగించారు. యాక్సిలేటర్ తొక్కగానే బొంగురు గర్జన. కంపెనీ డబ్బా, దాని పక్క గదులు గాలి పీల్చే ఆ చప్పుడును మింగడానికి కూడా పెట్టినవి. అవి పోతే చప్పుడు బయటపడుతుంది. కుర్రాడి మొహం వెలిగిపోయింది. స్కానర్ చూస్తున్న కొడుకు మాత్రం పెదవి విరిచాడు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే, ఇంజన్ పక్కనే నోరు తెరుచుకున్న కోన్ పీల్చేది బోనెట్ కింది వేడి గాలినే. మూడు డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత దాదాపు ఒక శాతం పడిపోతుంది. సిగ్నల్ దగ్గర పోయేది నీళ్ళ పైపు చూపించిన లాభానికి ఎన్నో రెట్లు. కారు కదిలాక వేడి తగ్గుతుంది, నిజమే.

పోనీ గొట్టాన్ని చల్లగాలి కోసం బంపర్ కిందికి దించితే? మేస్త్రీగారు మాట్లాడకుండా అలమారలోంచి వంగిన కనెక్టింగ్ రాడ్ తీసి చేతిలో పెట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిది. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నలగదు, రాడ్డే వంగుతుంది. కంపెనీలు గాలి నోటిని పైన పెట్టేది ఊరికే కాదు.

మైలేజీ సంగతి అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లోనే తేల్చింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పడిపోలేదు, పికప్ మాత్రం తగ్గింది. మామూలుగా నడిపేటప్పుడు థ్రాటిలే గాలికి పెద్ద అడ్డు. ఫిల్టర్ కొంచెం అడ్డుపడితే మన కాలు ఇంకొంచెం నొక్కుతుంది, అంతే. కార్బురేటర్ బండ్ల కథ వేరు, వాటిలో మైలేజీ కూడా తగ్గుతుంది.

అలాగని బయటి ఫిల్టర్లు ఉత్త దండగని మేస్త్రీగారు అనలేదు. టర్బో కారును రీమ్యాప్ చేయించి బాగా బలం పెంచితే గాలి అవసరమూ పెరుగుతుంది. గాలి రెట్టింపైతే అడ్డు నాలుగింతల దాకా పెరగొచ్చు. అక్కడ పెద్ద ఫిల్టర్‌కు అర్థముంది. కొనేవాళ్ళు ఐఎస్ఓ 5011 పరీక్షలో అది ఎంత దుమ్ము ఆపిందో కూడా అడగాలి, ఎందుకంటే గాలిని తేలిగ్గా వదిలే బట్ట సన్నదుమ్మునూ తేలిగ్గా వదలొచ్చు. కాటన్ ఫిల్టర్‌ను కడిగాక నూనె ఎక్కువ పట్టిస్తే మరో తంటా. కొన్ని కార్లలో గాలిని తూచే సెన్సర్ తీగ మీద అది పేరుకుంటుంది.

ఇంతలో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద తోలే టిప్పర్ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవర్ ఫిర్యాదు: లోడుతో ఎక్కడం లేదు, నల్లపొగ కక్కుతోంది. ఫిల్టర్ ఊడదీసి నేలకు తట్టేసరికి గుప్పెళ్ళ కొద్దీ బూడిద రాలింది. లోపల బల్బు పెట్టి చూస్తే వెలుగు బయటికి రాలేదు. "మార్చాల్సింది ఇదండీ" అన్నారు మేస్త్రీగారు.

అప్పటికే కుర్రాడు పర్సు తీశాడు.

"కోనే ఉంచండి అంకుల్. చప్పుడు బాగుంది."

"చప్పుడుకైతే సరే బాబూ. వేడి తగలకుండా అడ్డంగా రేకు కొట్టిస్తాను, దానికి వేరే అవుతుంది. వానాకాలం దుమ్ము లేదని కడగడం మానేయకు. కంపెనీ డబ్బా జాగ్రత్తగా దాచు, అమ్మేటప్పుడు అడుగుతారు."

కుర్రాడు రేకుకు ఎంతవుతుందని బేరం మొదలుపెట్టాడు.